విదేశీ పరిచర్య నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు, వేరే ఊళ్ల నుంచి కానుక పంపిన వారికి వందనాలు.

బొబ్బిలి సంఘం నుంచి ఇద్దరిని, ఒక నర్సును, ఒక బోరింగు మెకానిక్‌ను, పన్నెండు వారాల పాటు పశ్చిమ కెన్యాలోని కకమెగా ప్రాంతానికి పంపడానికి వసూలైన సొమ్ము 5,17,450 రూపాయలు. ఖర్చు 3,62,950. నిల్వ 1,54,500.

జమ ఇలా వచ్చింది. ఆదివారపు మిషనరీ కవర్లు 1,86,400. స్త్రీల సమాజం పోగుచేసిన పిడికెడు బియ్యం అమ్మగా 41,250. కోత పండుగ వేలంలో 97,800. హైదరాబాదులోనూ గల్ఫ్‌లోనూ పనిచేస్తున్న మనవాళ్లు బ్యాంకు ద్వారా పంపినది 1,32,000. వెళ్లినవాళ్ల సొంత వాటా తలకు 30,000 చొప్పున 60,000. ఈ వాటా ఎందుకని కొందరు అడిగారు. పరిచర్యకు దేవుని పిలుపు ఉందనుకునే మనిషి తన సంపాదనలోంచి కొంత ముందు పెట్టినప్పుడే సంఘం ధైర్యంగా చెయ్యి కలుపుతుందని కమిటీ అభిప్రాయం. ఈ నిధికి ఇచ్చిన కానుకపై ఆదాయపు పన్నులో 80జి రాయితీ లేదని కవర్ల మీదే అచ్చు వేయించాం.

ఒక కానుకను తిప్పి పంపాం. ఇచ్చినవారు మన ఊరి బిడ్డే, కానీ ఇప్పుడు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. భారత పౌరుడు విదేశంలో ఉండి తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారితే, పుట్టుక ఇక్కడిదే అయినా, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో అది విదేశీ సొమ్మే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఇకముందు పంపేవారు ముందుగా పాస్‌పోర్టు ఏ దేశానిదో చెప్పాలని మనవి.

ఇక ఖర్చులు. కొత్త పాస్‌పోర్టు ఒకటి, 1,500. డబ్బు చిన్నదే, తిప్పలు పెద్దవి. మనలో చాలామందికి బాప్తిస్మపు పేరు ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్లో పేరు ఇంకొకటి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. మూడూ కలవకపోతే దరఖాస్తు ఆగుతుంది, ఎలాగో దాటినా టికెట్టు దగ్గర మళ్లీ ఆగుతుంది. వచ్చే ఏడాది వెళ్లాలనుకునే వారు ఇప్పుడే సరిచేయించుకోవాలి.

విమాన టికెట్లు ఇద్దరికీ 1,17,500. విశాఖ నుంచి ముంబయి మీదుగా నైరోబీకి, రానుపోను. రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉండేలా చూశాం. విడివిడిగా కొంటే కొంత మిగులుతుంది. కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం మనదే అవుతుంది.

అనుమతులకు 64,000. పర్యాటకుడిగా ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) తీసుకుని వెళ్లి పరిచర్య చేయడం సులువని కొందరు సలహా ఇచ్చారు. అది అబద్ధంతో మొదలుపెట్టడం, పట్టుబడితే పిలిచిన సంఘానికి చిక్కు. అక్కడి సంఘమే దరఖాస్తు చేసి సరైన అనుమతి తీసుకుంది. నర్సమ్మకు ఇంకో హద్దు ఉంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నమోదు లేకుండా ఇంజెక్షన్ చేయకూడదు, మందు ఇవ్వకూడదు. అందుకే ఆమె పని చేతులు కడగడం, ఓఆర్ఎస్ కలపడం, బాలింతల జాగ్రత్తలు నేర్పడం వరకే.

టీకాలు, మందులు 12,940. ఇందులో ఎల్లో ఫీవర్ టీకా ఇద్దరికీ 600. భారత్ నుంచి వెళ్లేవారిని కెన్యా ఈ సర్టిఫికెట్ అడగదు. తిరిగి దిగేటప్పుడు మన దేశమే అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయిస్తే జీవితకాలం చెల్లుతుంది. మలేరియాకు డాక్సీసైక్లిన్ రోజుకొకటి: వెళ్లకముందు 2, అక్కడ 84, వచ్చాక 28, మనిషికి 114 మాత్రలు. ఇల్లు చేరగానే మానేయడమే అందరూ చేసే పొరపాటు. ఆ చివరి నాలుగు వారాల మాత్రలు ఎంతో ముఖ్యం.

బస, భోజనం 96,000. విదేశీ మారకం కార్డు వెళ్లినవారి పేరుమీదే, వారి పాన్‌తోనే తీశాం. విదేశాలకు సొమ్ము పంపడానికి ఆర్‌బీఐ ఇచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం వ్యక్తులకే గానీ సొసైటీలకు, ట్రస్టులకు లేదు. బ్యాంకు, కార్డు రుసుములు 2,450. బీమా 13,700. ఆసుపత్రి ఖర్చుతో పాటు రోగిని తరలించడం, ప్రాణం పోతే దేహాన్ని ఇంటికి చేర్చడం కూడా ఉన్న పాలసీయే తీసుకున్నాం.

పనిముట్లు, విడిభాగాలు 18,900. ఇక్కడి నుంచి మోసుకుపోకుండా అక్కడి దుకాణంలోనే కొనిపించాం. మనం తెచ్చిన వాషరు అరిగితే ఆ ఊరివాళ్లు రెండోది ఎక్కడ కొంటారు? పైగా అక్కడి పంపు వేరు. మన ఊళ్లలో ఉన్నది ఇండియా మార్క్-2. వాషర్లు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. అక్కడిది ఆఫ్రిడెవ్. పైపు కదపకుండా రాడ్లతోనే పిస్టన్ పైకి వస్తుంది. కాసేపు ఆగిన పంపుకు పది ఇరవై సార్లు కొడితేగానీ నీరు రాకపోతే అడుగున నీటిని కిందికి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కారుతోంది, దాని ఓ-రింగు (రబ్బరు వలయం) చూడాలి. ఎంత కొట్టినా ధార సన్నగా ఉంటే ముందు పిస్టన్ మీది యు-సీలు అనే రబ్బరు చుట్టు చూడాలి. మెకానిక్ వీటిని ఊరి ఆడవాళ్లకే నేర్పాడు, ఎందుకంటే నీళ్లు పట్టేది వాళ్లే.

తర్ఫీదుకు 21,360: స్వాహిలీ పాఠాలు, ప్రథమ చికిత్స, ఆఫ్రిడెవ్ పని నేర్చుకోవడం, ప్రయాణానికి ముందు ఆరు నెలలు సాలూరు వైపు గూడేలకు పోయి రావడానికి బస్సు చార్జీలు. ఈ పద్దును తగ్గించమని వచ్చిన సూచనను కమిటీ ఒప్పుకోలేదు. పేరు రాని పనిని ఇక్కడ నెలల తరబడి చేయగలిగినవారికి అక్కడ కష్టం కొత్త కాదు.

తిరిగి వచ్చాక 14,600: రక్త, మల, క్షయ పరీక్షలు, విశ్రాంతి, పెద్దలతో రెండు రోజుల కూడిక. అంతియొకయ సంఘం పౌలు బర్నబాలను చేతులుంచి పంపింది, వాళ్లు తిరిగి వచ్చి సంఘాన్ని సమకూర్చి దేవుడు చేసినవన్నీ వివరించారు. పంపడానికే డబ్బు పెట్టి, వచ్చాక వినడానికి పెట్టకపోతే పిలుపు ఎటు తిరిగిందో సంఘానికి తెలియదు. ఆ కూడికలోనే మెకానిక్ దీర్ఘకాల సేవకు సిద్ధమని చెప్పాడు. నర్సమ్మ తన చోటు సాలూరు గూడేలే అంది. రెండూ పిలుపులే. ఆమె మీద ఖర్చు వృథా అన్న మాటను కమిటీ ఖండిస్తోంది.

ఇక్కడ బీదలుండగా ఆఫ్రికా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 1870ల్లో కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు తెలుగు ప్రాంతానికి వచ్చి భీమిలి, బొబ్బిలి, చికాకోలు (నేటి శ్రీకాకుళం)ల్లో పని మొదలుపెట్టింది అక్కడి సంఘాల కానుకలతోనే. 1897లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్య గారిని నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటల తెలుగు కూలీల దగ్గరకు పంపింది. ఆ కూలీల్లో పాత విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు ఎందరో. అందుకున్నవాళ్లం, పంపినవాళ్లం కూడా మనమే.

నిల్వలో 1,20,000 వెళ్లినవారిని అత్యవసరంగా వెనక్కి తెప్పించడానికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. ఈ ఏడు దాన్ని ముట్టలేదు, ఇతర పనులకు ముట్టనివ్వం. మిగతా 34,500 వచ్చే ఏడాది జమలో చేరుతుంది. వోచర్లు, బ్యాంకు పుస్తకం ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి దగ్గర ఎవరైనా చూడవచ్చు. సందేహం ఉన్న పద్దు పక్కన రాసి పెడితే జవాబు నోటీసు బోర్డులో పెడతాం.