మీ నాయన నొప్పి గురించి

చిన్నోడా,

నిన్న ఫోన్లో "పుండ్లు మాని నాలుగు నెలలైంది, ఇంకా నొప్పేంది నాయనా, ఊరికే మనసులో పెట్టుకోబాక" అన్నావు. ధైర్యం చెబుదామనే అన్నావు, నాకు తెలుసు. కానీ ఫోన్ పెట్టేశాక మీ నాయన చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే రాస్తున్నా.

ఎడంపక్క రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీ కట్టినట్టు అక్కి లేచింది కదా, ఇప్పుడక్కడ మచ్చలే ఉన్నాయి. అయినా చొక్కా గుడ్డ రాసుకుంటే చాలు, నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడతారు. ఫ్యాన్ గాలి కూడా పడటం లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మంచం మీద కూర్చుని, పాత పంచె ముక్క తడిపి పక్కటెముకల మీద గట్టిగా అదిమి పట్టుకుని ఉంటారు. మెల్లగా తగిలితే మంట, అదిమితే కాస్త నయం అంటారు. పొగాకు బ్యారన్ సెగలో రాత్రుళ్ళు కూర్చుని ఒక్కనాడు అబ్బా అనని మనిషి.

ఒంగోల్లో డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనంత చెప్తా. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదంట, వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో ఏళ్ళ తరబడి అణిగి ఉండి, వయసు మీద పడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, ఆ నరం వెంబడే చర్మం దాకా వస్తుందంట. అందుకే ఒక్క పక్కే లేస్తుంది. వచ్చే దారిలో నరాన్ని పాడుచేస్తుంది. పుండు మానింది, నరం మానలేదు. గుడ్డ తగిలినా కాలిందని మెదడుకి తప్పు కబురు పంపుతోంది. మామూలు నొప్పి బిళ్ళలకి లొంగడం లేదని ప్రీగాబలిన్ ఇచ్చారు, దాంతో పగలంతా మత్తు, లేచి నిలబడితే తూలు.

ఇంకోటి కూడా చెప్పాలి. బొబ్బలు కనపడ్డ రోజే ఆస్పత్రికి పోకుండా నేనే కుమ్మరాయన దగ్గరికి తీసుకుపోయి జాజుతో అక్కి రాయించాను. ఐదు రోజులు గడిచిపోయాయి. ఆ వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ లాంటి మందులు బొబ్బలు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయంట. అప్పుడే పోయుంటే ఈ నొప్పి వచ్చేదే కాదని డాక్టర్ అనలేదు. అయినా నాకు నిద్ర పట్టడం లేదురా.

నీకు తెలిసినవాళ్ళెవరికైనా కంటి దగ్గరో చెవి దగ్గరో ఇట్లా బొబ్బలు లేస్తే ఒక్క రోజు కూడా ఆగనివ్వొద్దు. చూపు దెబ్బతింటుంది, మూతి వంకర పోతుంది, చెవుడు రావచ్చు. ఎక్కడ లేచినా సరే, అరుదుగా మెదడువాపు, పక్షవాతం దాకా కూడా పోతుందంట. యాభై దాటినోళ్ళకి ఈ అక్కికి టీకా ఉంది, రెండు డోసులు. నేను వేయించుకుంటా.

ఈసారి ఫోన్ చేసినప్పుడు "తగ్గిందా" అని అడగొద్దు. రాత్రి ఎంతసేపు నిద్రపోయారో అడుగు. సంక్రాంతికి వచ్చినప్పుడు బుడ్డోణ్ణి ఆయన కుడిపక్కనే కూర్చోబెట్టు. ఎడంపక్క నుంచి ఎగిరి ఒళ్ళోకి ఎక్కితే ఓర్చుకోలేరు, మనవణ్ణి వద్దనీ అనలేరు.

అమ్మ