చర్చా వేదికకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ సమూహాన్ని ప్రారంభించేవారు చర్చా వేదికకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు పైమెరుగులకు ఇచ్చే ప్రాధాన్యాన్ని సభ్యుల రాతల భద్రతకు ఇవ్వకపోవడం ఆందోళన కలిగిస్తోంది. 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడిన యాహూ గ్రూప్స్ అనే ఆన్‌లైన్ చర్చా సమూహాల సేవలో, సభ్యులు సకాలంలో దించుకోని సంభాషణలు ఏళ్లనాటివైనా వారికి దక్కకుండా పోయాయి. అందువల్ల సభ్యుల రాతలు, వివరాలు నిల్వ ఉండే డేటాబేస్ మొత్తాన్ని మన చేతికి తీసుకుని మరోచోట తిరిగి నిలబెట్టగలమా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

2000లో మొదలైన పీహెచ్‌పీబీబీ, 2013లో వచ్చిన డిస్కోర్స్ అనే చర్చా వేదిక సాఫ్ట్‌వేర్లు రెండూ ఓపెన్ సోర్స్ (అంటే ఎవరైనా తీసుకుని సొంతంగా నడుపుకోగలిగేవి) గనుక వాటిలో ఆ వెసులుబాటు ఉంది. మొదటిది సాధారణ షేర్డ్ హోస్టింగ్‌లోనే, అంటే పలు వెబ్‌సైట్లు పంచుకునే సర్వర్‌లోనే నడుస్తుంది. రెండోదాన్ని సొంతంగా నడపాలంటే కనీసం 1 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, దాన్ని చూసుకోగల మనిషి అవసరం. అయితే కొత్త సభ్యులకు మొదట్లో పరిమితులు పెట్టి, వారు చదివేకొద్దీ, పాల్గొనేకొద్దీ అధికారాలు పెంచే డిస్కోర్స్ పద్ధతి స్పామ్‌ను అడ్డుకోవడంలో పర్యవేక్షకుల భారాన్ని బాగా తగ్గిస్తుందని నా నమ్మకం. జీతం లేకుండా ఆ పని చేసేవారి ఓపికను కూడా ఖర్చుగానే లెక్కించాలి.

ఏది ఎంచుకున్నా, ముందుగా ప్రయోగాత్మకంగా కొన్ని చర్చలు నడిపి, బ్యాకప్ తీసి, దాన్ని వేరే సర్వర్‌లో తెరిచి, రాతలు, జతచేసిన చిత్రాలు, సభ్యుల పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకున్నాకే సభ్యులను ఆహ్వానించాలని నిర్వాహకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు