ఎవరింటికి ఎన్ని లీటర్లు? పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నానమ్మ కాళ్లు వంకర పోయాయి. చివరి పదేళ్లు గోడ పట్టుకునే నడిచింది. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్ చేరాయి. వచ్చింది మా జిల్లా మీదుగానే. నానమ్మ మాత్రం ఆ రోజు కూడా బోరు నీళ్లే తాగింది.

ఇప్పుడు నేను వనస్థలిపురం దగ్గర ఒక ఇరుకు వీధిలో ఉంటున్నాను. రోజు విడిచి రోజు, గంటసేపు నల్లా వస్తుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పక్కింటామె అలారం పెట్టుకుని మరీ లేచి డ్రమ్ములు నింపుకుంటుంది. ఒక్క రోజు నిద్ర పట్టేసిందా, నాలుగు రోజులు టెన్షనే. నేను పనిచేసేది కోకాపేట వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో. అక్కడ ఏప్రిల్‌లోనూ లాన్ పచ్చగానే ఉంటుంది. పొద్దున్నే పైపు పెట్టి కార్లు కడుగుతారు. సంపు అడుగంటితే వరుసగా ట్యాంకర్లు వస్తాయి. ఆ నీళ్లు శివారు పల్లెల బోర్లలోవి. అక్కడి రైతు బోరు ఎండితే అతనికి ట్యాంకర్ ఎవరు పంపుతారు?

వేసవి వస్తే నాయకులు ఒకటే మాట అంటారు: జనం పెరిగిపోయారు, ఎంత చేసినా చాలదు. ఆ మాట వింటే మనసు కష్టంగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.8. ఉన్న జనాభా నిలబడాలన్నా 2.1 కావాలి. నగరం పెరుగుతున్నది వలసతో. వచ్చేవాళ్లే ఇక్కడ ఇళ్లు కడుతున్నారు, వీధులు ఊడుస్తున్నారు.

2022 నవంబర్‌లో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటినప్పుడు కూడా వేళ్లన్నీ మన వైపే చూపించాయి. కానీ సగటు అమెరికన్ గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడి కన్నా సుమారు ఏడు రెట్లు. ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ మంది ఉన్నవాళ్లను తప్పుపడితే మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. మరి అదే మాట మన బస్తీవాళ్లతో మనం ఎలా అంటున్నాం?

2021 నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు. మంచి పథకం. నలుగురున్న ఇంట్లో తలకు రోజుకు 160 లీటర్లకు పైమాటే. అయితే గంటసేపు వచ్చే సన్నటి ధారతో అన్ని నీళ్లు పట్టుకోవడం ఎలా?

అందుకే అడుగుతున్నాను. ఏ వార్డులో తలకు ఎన్ని లీటర్లు అందుతున్నాయో, ట్యాంకర్ నీళ్లతో సహా ప్రతి నెలా బయటపెట్టండి. అవసరానికి మించి వాడేవాళ్లకు రేటు బాగా పెంచండి. లాన్లకు, ఫౌంటెన్లకు ఎస్‌టీపీ నీళ్లు (శుద్ధి చేసిన మురుగునీళ్లు) తప్ప వేరేవి వాడకుండా చూడండి. అలా మిగిలిన నీళ్లను ముందు రోజు విడిచి రోజు నల్లా వచ్చే వీధులకు మళ్లించండి. మొదటి లెక్క వచ్చే మార్చిలోపే ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
వనస్థలిపురం నుంచి ఒక నల్లగొండ బిడ్డ