బావకి, ఉడుముల దీవికి పోయే ముందు

బావా,

ఇండోనేషియాలో కొమోడో దీవికి టికెట్లు తీసేసినావంట కదా! బాలి మీదుగా లబువాన్ బాజో, ఆడి నుంచి పడవ. ఆ దారి సంగతి నువ్వు చూసుకుంటావులే. నేను చెప్పేది పడవ దిగినాక సంగతి.

కొమోడో డ్రాగన్ అంటే మన శేషాచలం ఉడుముకి పెద్దన్న. 3 మీటర్ల దాకా పొడుగు, 70 కిలోల బరువు. ఎండెక్కితే చెట్టు నీడలో చచ్చినట్టు పడుంటుంది. మోసపోయేది ఆడనే. లేచిందంటే గంటకి 20 కిలోమీటర్ల వేగం. కొంచెం దూరమే ఉరుకుతుంది గానీ, మనకి అంతే చాలు.

రేంజర్ లేకుండా అడుగు పెట్టొద్దు. ఆయన చేతిలో కొస పంగగా చీలిన పొడుగాటి కర్ర ఉంటుంది. 2023లో చిరుత భయానికి అలిపిరి దారిలో భక్తుల చేతికిచ్చిన కర్రలాంటిది కాదది. ఉడుము ముందుకొస్తే ఆ పంగని మెడకో మూతికో ఆనించి పక్కకి తోస్తారు. అందుకే కర్రకీ దానికీ నడుమ నువ్వుండకూడదు. 5 మీటర్లు ఎడం పెట్టు. వెనకుంటే భయం లేదనుకునేవు, తోక దెబ్బకి జింకే పడిపోతుంది.

ఫోటోకి దగ్గరికి పోనక్కర్లేదు. నువ్వు దాని వెనక దూరంగా గొంతుక్కూర్చుంటే, రేంజరే ముందు నుంచి ఫోన్ నేలకి ఆనించి తీస్తాడు. పక్కనే కూర్చున్నట్టు వస్తుంది. 2017లో ఒక సింగపూర్ ఆయన రేంజర్ లేకుండా, తిండి మీదున్న వాటిని ఫోటో తీయబోయి కాలు కరిపించుకున్నాడు.

చీలిన పసుప్పచ్చ నాలుక ఆడిస్తా ఉంటుంది చూడు, వాసన పట్టేది దాంతోనే. రక్తం వాసన కిలోమీటర్ల అవతలికీ తెలుస్తుంది. పుండో గాయమో ఉంటే ముందే చెప్పు. చెల్లెమ్మకి నెలసరైతే మొహమాటపడకుండా చెప్పమను, దానికి తగ్గట్టు చూసుకుంటారు. అత్త కట్టిచ్చే చికెన్ వేపుడు పడవలోనే పెట్టేయ్. తిరుమల మెట్లెక్కే అలవాటుతో చెప్పులిడిచేవు, బూట్లేసుకో.

కరిస్తే దాని నోట్లో సూక్ష్మక్రిముల వల్లే చస్తారని వెనకట అనేవాళ్లు. కింది దవడలో విషగ్రంథులున్నాయని 2009లో తేల్చారు. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనీదు, బీపీ పడేస్తుంది. విరుగుడు సూది లేదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకుండా, పడవెక్కించి ఆస్పత్రికి చేర్చాల్సిందే.

జూలై, ఆగస్టుల్లో అవి జతకట్టే కాలం, కనపడేది తక్కువ. సెప్టెంబరులో గుడ్లు పెడతాయి. మట్టి దిబ్బ కనిపిస్తే ఎక్కి నిలబడొద్దు, తల్లి పక్కనే ఉండొచ్చు. ఏ నెలైనా పొద్దున్నే మొదటి నడకకి పో, అప్పుడే తిరుగుతా ఉంటాయి.

వాపసొచ్చేటప్పుడు చెన్నైలో దిగేదెప్పుడో చెప్పు, బండి పంపిస్తా.