పిట్స్‌బర్గ్‌లో చదువుకుంటున్న అబ్బాయికి, అమెరికా అధ్యక్ష ఎన్నిక పోలింగుకు ముందు

ఎడిసన్, న్యూజెర్సీ
2016 నవంబరు 3

చిన్నా,

నిన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "ట్రంప్, హిల్లరీ ఇద్దరూ దొందూ దొందే అమ్మా. నేను ఓటు వేయను, వేస్తే గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు వేస్తాను. ఎలాగూ హిల్లరీయే గెలుస్తుంది కదా" అన్నావు. ఒక్క ఊపిరిలో మూడు మాటలు, ఒకదానికొకటి పొసగవు. ఇద్దరూ ఒకటే అనుకునేవాడికి హిల్లరీ గెలుపు మీద ఆ ధీమా ఎందుకు? జవాబు చెప్పబోయేసరికి క్లాసుకు టైమైందన్నావు. అందుకే రాస్తున్నాను. నిన్ను కూర్చోబెట్టి తెలుగు చదవడం నేర్పించింది ఊరికే కాదు.

ఇద్దరూ నచ్చకపోవడంలో వింతేమీ లేదు. సర్వేలు మొదలయ్యాక రెండు పెద్ద పార్టీలూ ఇంతగా జనానికి గిట్టని మనుషులను నిలబెట్టిన ఎన్నిక ఇంకోటి లేదు. ట్రంప్ అంటే గిట్టనివారు నూటికి అరవై మంది దాకా ఉన్నారు, హిల్లరీ అంటే గిట్టనివారు సగానికి పైనే. ఆవిడ మీద నీ ఫిర్యాదులన్నీ నాకు కంఠతా వచ్చు. 2002లో ఇరాక్ యుద్ధానికి వేసిన ఓటు, గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు దగ్గర డబ్బు పుచ్చుకుని చేసిన ప్రసంగాలు, విదేశాంగ మంత్రిగా ఉండగా ఇంట్లో పెట్టుకున్న ఈమెయిల్ సర్వరు. వీటిలో దేన్నీ నేను కాదనను. ట్రంప్ అభిమానుల్లో సగం మందిని పనికిరాని బుట్టలో వేసేసిన మాట మాత్రం వీటన్నిటికంటే తెలివితక్కువది. ఓట్లు అడగడానికి బయలుదేరిన మనిషి ఓటర్లను తిట్టడమేమిటి?

అయినా నా త్రాసులో ఇద్దరూ సమానంగా తూగడం లేదు. ముస్లింలెవరినీ దేశంలోకి రానివ్వకూడదన్నాడు ట్రంప్. ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకున్న ఖాన్ దంపతులను టీవీలో చులకన చేశాడు. పన్ను పత్రాలు చూపనంటాడు. ఆడవాళ్ల గురించి ఆయన నీచంగా మాట్లాడిన, గత నెల 7న బయటపడ్డ టేపు గురించి కొడుకుతో నేను మాట్లాడలేను, నువ్వు విన్నావు, చాలు. ఆ తర్వాత వారం తిరిగేసరికి మన ఎడిసన్‌కే వచ్చి, దీపాలు వెలిగించి, హిందువులంటే తనకెంతో అభిమానమని చెప్పి వెళ్లాడు. మనవాళ్లు కొందరు పనిమాలా వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చారు. వాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లు కూడా ఉండటమే నాకు అంతుపట్టదు.

ఇక "ఎలాగూ గెలుస్తుంది" అన్న మాట. నన్ను కలవరపెడుతున్నది ఇదే. దేశం మొత్తం మీద ఆవిడకు రెండు మూడు శాతం ఆధిక్యం ఉండవచ్చు. కానీ ఇక్కడ అధ్యక్షుడిని దేశం మొత్తం ఓట్లు ఎన్నుకోవు. ఒక్కో రాష్ట్రానికి కొన్ని ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు అన్నిచోట్లా రాష్ట్రంలో ముందున్నవాళ్లకే అవన్నీ. 2000లో నాన్నా నేనూ ఈ దేశానికి కొత్త. రోజూ టీవీ ముందు కూర్చుని ఫ్లోరిడా లెక్కింపు చూసేవాళ్లం. డెమోక్రాట్ గోర్‌కు దేశమంతటా 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో రిపబ్లికన్ బుష్ అధ్యక్షుడయ్యాడు. అదే ఫ్లోరిడాలో రాల్ఫ్ నేడర్‌కు 97 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. అది నీ స్టైన్ పార్టీయే. నేడర్‌ను నేను తిట్టడం లేదు, ఆయన పోటీ చేసే హక్కు ఆయనది. ఆ 97 వేల మందిలో ఎంతమంది మర్నాడు పొద్దున నాలుక కరుచుకున్నారో అని మాత్రం అనుకుంటుంటాను.

ఇప్పుడు కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. గెలుపుకు 270 ఎలక్టోరల్ ఓట్లు కావాలి. 2012లో రిపబ్లికన్ రామ్నీకి వచ్చినవి 206. ఆ రాష్ట్రాలన్నీ ట్రంప్ నిలబెట్టుకుని ఫ్లోరిడా 29, ఒహాయో 18 గెలిస్తే 253. దానికి మీ పెన్సిల్వేనియా 20 కలుపు. 273. అయిపోయింది.

పెన్సిల్వేనియా 1988 తర్వాత రిపబ్లికన్లకు పడలేదు, పోయినసారి ఒబామా అక్కడ సుమారు 3 లక్షల ఓట్లతో గెలిచాడు, నిజమే. కానీ నువ్వు స్నేహితులతో తిరగడానికి వెళ్లే హోమ్‌స్టెడ్ షాపింగ్ కేంద్రం ఉంది చూడు, అక్కడ ఒకప్పుడు వేలమంది పనిచేసిన ఉక్కు కర్మాగారం ఉండేది. 1986లో మూసేశారు. ఆ నది పొడుగునా ఉన్న ఊళ్లలో తాతలు డెమోక్రాట్లు, తండ్రులు డెమోక్రాట్లు. మెక్సికో, కెనడాలతో చేసుకున్న నాఫ్టా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎవరి భర్తో వాళ్లు మర్చిపోలేదు. కర్మాగారాలు తిరిగి తెస్తానని ట్రంప్ చెప్పేది నేను నమ్మను. కానీ వాళ్ల గురించి గట్టిగా మాట్లాడుతున్నవాడు ఆయనొక్కడే అని వాళ్లకు అనిపిస్తే అది వాళ్ల తప్పు కాదు. అటు ఫిలడెల్ఫియాలో ఒబామా కోసం కదిలినట్టు జనం హిల్లరీ కోసం బారులు తీరతారా? నాకు అనుమానమే.

మిషిగన్ సంగతి ఇంకా విచిత్రం. మార్చిలో అక్కడి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, హిల్లరీ ఇరవై శాతం ముందుందని సర్వేలు చెప్పాయి, తీరా గెలిచింది నీ శాండర్స్. ఆ రోజు నువ్వు గంతులేశావు కదా, ఆ సర్వేలనే ఇవాళ ఎలా నమ్ముతున్నావు? విస్కాన్సిన్‌లోనూ ఆవిడ ప్రైమరీ ఓడింది, తర్వాత అటు తిరిగి చూడలేదు. జూన్‌లో బ్రిటన్‌లో బ్రెగ్జిట్ రాత్రి కూడా పందేలు కాసేవాళ్లంతా ఒకటి అనుకుంటే తెల్లారేసరికి ఇంకొకటి అయింది.

ఇంకో సంగతి నేను గమనించాను. ఇద్దరూ గిట్టనివాళ్లు ఆఖరి దాకా తేల్చుకోరు. చివరి రోజుల్లో ఎవరి పేరు వార్తల్లో ఎక్కువ నలిగితే వాళ్లకు దూరం జరుగుతారు. అక్టోబరు మొదట్లో టేపుతో ట్రంప్ నలిగాడు, ఆవిడ ఆధిక్యం పెరిగింది. 28న ఎఫ్‌బీఐ డైరెక్టర్ కోమీ కాంగ్రెసుకు ఉత్తరం రాశాడు, మళ్లీ ఈమెయిళ్ల గొడవ, ఆధిక్యం కరుగుతోంది. అంచనాలు కట్టేవాళ్లలో ఒకరు ఆవిడకు నూటికి తొంభై ఎనిమిది అవకాశం అంటుంటే, ఇంకొకరు మూడింట రెండు వంతులే అంటున్నారు. నాకు రెండో ఆయనే నిజానికి దగ్గరగా ఉన్నాడనిపిస్తోంది. మొగ్గు ఆవిడవైపే, కానీ ఇల్లు పందెం కాసేంత మొగ్గు కాదు.

ఇండియాలోలాగా ఇక్కడ నోటా ఎందుకు లేదని అడిగావు. నెవాడాలో ఉంది, 1970ల నుంచీ. ఇండియాలో 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. రెండు చోట్లా నోటాకే అందరికంటే ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు. కోపం చూపించుకోవడానికి పనికొస్తుంది, అంతే.

నా ఓటు హిల్లరీకే, పెద్ద ఉత్సాహమేమీ లేకుండానే. నాన్న పన్నుల లెక్క చూపించి ట్రంప్ అంటున్నారు. మా ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొట్టేసుకోకపోయినా న్యూజెర్సీలో ఫలితం ముందే తెలిసిందే. ఈ ఇంట్లో నిజంగా బరువున్న ఓటు నీదే, అదే నువ్వు పారేస్తానంటున్నావు. అధ్యక్షుల పేర్లు చూడటానికే మనసొప్పకపోతే కిందికి చూడు. రిపబ్లికన్ టూమీకీ డెమోక్రాట్ మెక్‌గింటీకీ సెనేట్ పోటీ ఉంది. ఫిబ్రవరిలో జడ్జి స్కాలియా చనిపోయాక ఖాళీ అయిన సుప్రీంకోర్టు కుర్చీకి ఒబామా మార్చిలోనే గార్లండ్ పేరు పంపాడు. ఆ పేరును ఖాయం చేయాల్సిన సెనేట్ ఇంతవరకూ విచారణ కూడా జరపలేదు. ఆ కుర్చీ ఎవరిదన్నది మంగళవారమే తేలబోతోంది.

పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా. అక్కడ నీకిది మొదటి ఓటు కాబట్టి గుర్తింపు కార్డు అడుగుతారు, మరిచిపోయి వెళ్లకు. ఎవరికి వేశావో నేను అడగను. నాన్న అడుగుతారు, చెప్పకు.

అమ్మ