వేమన పద్యంతో మొదలెట్టు బావా

ఒరేయ్ బావా,

మీ కాలేజీలో ఏఐ క్లాసులు నీ నెత్తిన పెట్టారని, ఎక్కడ మొదలెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. తెలుగు మేష్టారికి ఇదేం పని అని బాధపడకు. నిరుడు నాకూ ఇదే పని పడింది. ఏడాది తిరిగాక చెబుతున్నాను, ఈ పనికి మనమే తగినవాళ్లం.

మొదటి నెల నేను ప్రొజెక్టర్ పెట్టి, 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ (ఇవాళ్టి చాట్‌బాట్లకు పునాది వేసిన పరిశోధన వ్యాసం) నుంచి 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చేదాకా చరిత్రంతా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, అంతే.

తర్వాత ఒకరోజు ఫోన్లు బయటికి తీయమన్నాను. స్నేహం మీద వేమన పద్యం ఒకటి ఇమ్మని చాట్‌బాట్‌ని అడిగించాను. క్షణంలో నాలుగు పాదాలు వచ్చాయి, చివర 'విశ్వదాభిరామ వినురవేమ' సహా. చదివితే బాగానే ఉంది. 'గణాలు కట్టండి' అన్నాను. బోర్డు మీద గురువులు, లఘువులు వేసుకుంటూ పోయారు. ఆటవెలది కదా, మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. రెండో గణం దగ్గరే తప్పింది. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి, అక్కడా కుదరలేదు. ఎప్పుడూ నోరెత్తని ఒక అమ్మాయి లేచి, 'సార్, అసలిది వేమన రాసిందేనా?' అంది. లైబ్రరీలో ఉన్న వేమన పద్యాల పుస్తకాలన్నీ తెచ్చి వెతికాం. ఎక్కడా లేదు.

ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కకట్టి పేర్చడమే చాట్‌బాట్ పని అని నెలంతా చెప్పినా ఎక్కనిది, ఆ గంటలో ఎక్కింది.

ఆ అమ్మాయి సంగతే ఇంకొంచెం చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు కదా, ఎకనామిక్స్ క్లాసులో ఏమీ అర్థం కాక మౌనంగా కూర్చునేది. ఇప్పుడు రాత్రిపూట 'ఎలాస్టిసిటీ ఆఫ్ డిమాండ్ అంటే ఏంటో టమాటా రేటుతో చెప్పు' అని చాట్‌బాట్‌ని తెలుగులో అడుగుతోంది. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతుంది, అయిదుసార్లయినా సరే. పొద్దున్నే ఆ జవాబు నోట్సులో రాసుకొచ్చి, ఎకనామిక్స్ మేడమ్‌తో సరిచూయించుకుంటుంది. నాకు ఇంతకంటే ఏం కావాలి చెప్పు! కాకపోతే తెలుగు అక్షరాలను ఆ చాట్‌బాట్లు ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలుగా విరుస్తాయి, అందుకని ఉచిత వాడకం త్వరగా అయిపోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడు. ఏఐ రాతను పట్టే డిటెక్టర్ కొందామని మీ వాళ్లంటే ఒప్పుకోకు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీ తన సొంత డిటెక్టర్‌నే సరిగా పట్టడం లేదని 2023 జులైలో తీసేసింది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవే అని తేల్చాయి. మన పిల్లల ఇంగ్లీషూ అలాంటిదే. కష్టపడి రాసుకున్న పిల్లని దొంగ అంటే ఎలా? అసైన్‌మెంట్ చేతికిచ్చి, అయిదు నిమిషాలు నోటితో చెప్పించు. తెలిసిపోతుంది.

మార్కుల లిస్టులు, ఆధార్ నంబర్లు మాత్రం చాట్‌బాట్‌లో ఎక్కించనివ్వకు.

క్లాసు అయిన రాత్రే ఫోన్ చెయ్యి, పద్యం ఏమొచ్చిందో వినాలి. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ