గవర్నర్ చేతిలో లేని క్షమాభిక్ష

సంపాదకులకు,

అమెరికాలోని జార్జియాలో మరణశిక్ష అమలు గురించి మీరు వేసిన వార్త చివర 'గవర్నర్ కనికరించలేదు' అని ఉంది. కనికరించాలన్నా కుదరదండీ! ఈ రాష్ట్రంలో గవర్నర్‌కు క్షమాభిక్ష పెట్టే అధికారమే లేదు. 2011లో ట్రాయ్ డేవిస్ అనే మరణశిక్ష ఖైదీ శిక్ష ఆపమని ఎన్నో దేశాల నుంచి అర్జీలు వచ్చినప్పుడు కూడా కాదన్నది రాష్ట్ర క్షమాభిక్ష, పెరోల్ (గడువు తీరకముందే షరతుల మీద విడుదల) బోర్డే.

నేను మన జైళ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆల్ఫరెట్టాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మన జైళ్లలో ఆగస్టు 15 దగ్గరపడుతోందంటే జీవిత ఖైదీలకు విడుదల జీవో టెన్షన్ మొదలవుతుంది. అది గవర్నర్ పేరు మీదే వస్తుంది, మన రాజ్యాంగం 161వ అధికరణం కింద. నిర్ణయం మాత్రం మంత్రివర్గానిది. ఆ అలవాటుకొద్దీ ఇక్కడా గవర్నరే అనుకుని ఉంటారు.

ఒకప్పుడు ఇక్కడా గవర్నరే. క్షమాభిక్షలు డబ్బుకు అమ్ముతున్నారన్న ఆరోపణలు వచ్చాక 1943లో రాజ్యాంగాన్ని సవరించి ఆ అధికారం బోర్డుకిచ్చారు. సభ్యులు అయిదుగురు. పదవీకాలం ఏడేళ్లు. మరి వాళ్లను నియమించేది ఎవరనుకున్నారు? గవర్నరే, రాష్ట్ర సెనేట్ ఆమోదంతో. అయిదుగురి గడువూ ఒకేసారి తీరదు, నిజమే. కానీ వరసగా రెండుసార్లు గెలిచి ఎనిమిదేళ్లున్న గవర్నర్‌కు ఆ అయిదు కుర్చీలూ ఎప్పుడో ఒకప్పుడు చేతికొస్తాయి.

ఫలానా చదువు, ఫలానా అనుభవం ఉన్నవాళ్లే కూర్చోవాలన్న పట్టింపు కూడా లేదు. షెరీఫ్‌లుగా (కౌంటీ పోలీసు అధికారులుగా), ప్రాసిక్యూటర్లుగా చేసినవాళ్లు తరచూ వస్తుంటారు. ఇంకో రాష్ట్రం పెన్సిల్వేనియా క్షమాభిక్ష బోర్డులోనూ అయిదుగురే, కానీ అక్కడ ఎవరి కుర్చీ వాళ్లకుంది: లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, నేర బాధితులు ఒకరు, జైళ్ల వ్యవహారం తెలిసినవారు ఒకరు, డాక్టరో సైకాలజిస్టో ఒకరు. నాకు ఈ పద్ధతే నచ్చింది. అక్కడ 1997 నుంచి యావజ్జీవ ఖైదీ విషయంలో అయిదుగురూ ఒప్పుకుని తీరాలన్న షరతు మాత్రం మరీ కఠినం. ఒక్కరు అడ్డం తిరిగితే అంతే సంగతులు.

కుర్చీలో ఎవరన్నది ఇంత పట్టించుకోవడానికి కారణముంది. జార్జియాలో పెరోల్‌కి బోర్డు ఖైదీని పిలిచి మాట్లాడదు. ఫైలు ఒక్కో సభ్యుడి దగ్గరికీ వెళ్తుంది, ముగ్గురు ఒక మాటమీదికొస్తే తేలిపోతుంది. ఎవరు ఎటు ఓటేశారో బయటికి చెప్పరు. అలాంటి ఫైళ్లలోకి వెళ్లే కాగితాలు మన జైళ్లలో నేనూ రాశాను. మా దగ్గర ఖైదీగా ఉన్న ఒకావిడ పదకొండేళ్లలో ఎంతోమందికి కుట్టుపని నేర్పింది. కొత్తగా వచ్చినవాళ్లు రాత్రిళ్లు ఏడుస్తుంటే పక్కన కూర్చునేది. నా రిపోర్టులో 'ప్రవర్తన' అన్న గడి రెండు వేళ్ల వెడల్పుంటుంది. 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను. అదే మాట అంతకుముందు పేజీలో, రోజంతా గోడవైపు తిరిగి పడుకునే ఆవిడకీ రాశాను. ఆ రెండు కాగితాల్లో తేడా పట్టాలంటే చదివేవాళ్లలో ఒక్కరికైనా జైలు లోపల ఎలా ఉంటుందో తెలియాలి.

వార్తకు సవరణ వేయగలరు.

- విశ్రాంత జైలు అధికారిణి, ఆల్ఫరెట్టా, జార్జియా